చేతికిచ్చిన కత్తి

మస్కట్ నుంచి తెచ్చిన కత్తితో మా తమ్ముడి మూడు వేళ్లు నరికేశాను. ఒక్క వేటు. వేళ్లు ఎగిరి, వాకిట్లో కట్టేసిన మేకపోతు ముందు పడ్డాయి. అది చిక్కుడుకాయలనుకుని వాసన చూసింది. కొత్తగా సున్నం వేసిన గోడ మీద నా ఎత్తుకు నెత్తురు చిమ్మింది. కత్తి అంచుకు మాత్రం ఒక్క నొక్కు పడలేదు. పరదేశం నుంచి ఏదైనా తెస్తే అలాంటి సరుకు తేవాలి.

ఈ ముచ్చట చెన్నూరు బస్టాండు పక్కన చాయ్ హోటల్లో కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాను. వినేవాళ్ల చాయ్ చల్లారిపోయేది. అందుకే ఇక్కడ కూడా ముందు అదే రాశాను. అందులో ఎంత నిజమో దారిలో ఒప్పుకుంటూ పోతాను. అంతా మొదట్లోనే ఒప్పుకుంటే మీరు లేచిపోతారు.

మా వైపు ఇంటికొకరైనా గల్ఫుకు పోయి వచ్చినవాళ్లే. వచ్చినవాడి అట్టపెట్టెకు కట్టిన తాళ్లు విప్పడం ఊళ్లో పెద్ద తతంగం. చుట్టాలంతా గుండ్రంగా కూర్చుంటారు. నాకిది కావాలని ఒక్కరూ నోరు తెరిచి అడగరు. కళ్లన్నీ పెట్టె మీదే. పెట్టెలోంచి ఎప్పుడూ వచ్చేవే వస్తాయి: పులిబొమ్మ దుప్పటి, అత్తరు సీసా, ఖర్జూరాలు, తలనొప్పి మందు, సబ్బులు. ఎవరి ఒళ్లో ఏం పడిందో దాన్నిబట్టి ఆ మనిషి మనకు ఎంత దగ్గరో ఊరంతా లెక్క కట్టుకుంటుంది.

నేను మొదటిసారి మస్కట్ పోయింది ఇరవయ్యారేళ్లప్పుడు. రెండేళ్లు ఇళ్ల స్లాబులకు చెక్కలు బిగించే పని చేశాను. ఆ రెండేళ్లూ నా పొలం దున్నింది మా తమ్ముడు. తిరిగొచ్చి పెట్టె విప్పాను. అత్తగారికి దుప్పటి. పెద్ద బామ్మర్దికి టేప్‌రికార్డరు. చిన్న బామ్మర్దికి చేతి గడియారం. మా తమ్ముడికి ఒక సబ్బు.

వాడు సబ్బును తిప్పి తిప్పి చూశాడు. వాసన చూశాడు. లేచి నిలబడి నా ముఖం మీద కొట్టాడు. అది కొత్త సబ్బు, రాయిలా ఉంది. నా ముందు పన్ను విరిగి నాలుక మీద పడింది. నేను పక్కనున్న స్టీలు ఫ్లాస్కు ఎత్తి వాడి నుదుటి మీద మోదాను. ఇద్దరం ఒకరి గొంతు ఒకరం పట్టుకుని ఆ పెట్టె మీదే పడ్డాం. మధ్యలోకి వచ్చిన మా అవ్వ, మమ్మల్ని కన్నతల్లి, కిందపడి మోచేయి విరగ్గొట్టుకుంది. నలుగురు మగవాళ్లు పట్టుకుంటే గాని మేము విడిపోలేదు. నెల తిరగకుండానే రెండిళ్ల మధ్య గోడ లేచింది.

ముప్ఫై ఎనిమిదేళ్లు. పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చున్నాం, చావులకు ఒకే పాడె మోశాం. కానీ నా చేతి నుంచి వాడు ఏదీ తీసుకోలేదు. అవ్వ దినాల నాడు నేను నీళ్ల చెంబు అందిస్తే, పక్కనున్నవాడి చేతికి ఇప్పించి, అతని చేతి నుంచి తీసుకుని తాగాడు. పన్ను పోయినందుకు నాకు పెద్దగా బాధ లేదు. ఆ చెంబు మాత్రం గుండెలో దిగబడి ఉండిపోయింది.

పోయినేడు మస్కట్‌లో ఉంటున్న బిడ్డ నాకూ మా ఇంటిదానికీ టికెట్లు పంపింది. నలభై రోజులు ఉండి రమ్మంది. విమానం ఎక్కకముందే ఒక సంగతి గట్టిగా అనుకున్నాను. ఈసారి మా తమ్ముడికి ఒక వస్తువు తేవాలి. వాడు దాన్ని నా చేతి నుంచే తీసుకోవాలి. మిగతావాళ్లకు ఏం తెచ్చినా సరే.

సామాను కొనడంలో నాకు కొన్ని షరతులున్నాయి. వస్తువు పదేళ్లు పనిచేయాలి. షోకేసులో కూర్చోకూడదు. దాన్ని చేతిలోకి తీసుకున్న మనిషికి, అరే ఇది నాకోసమే వెతికి తెచ్చిండు అనిపించాలి. బిడ్డ మమ్మల్ని పెద్ద బజారుకు తీసుకుపోయి గాజు ఓడలు, తాళంచెవి గొలుసులు, ఇత్తడి ఒంటెలు చూపించింది.

“ఇవెందుకు బిడ్డా?”

“గుర్తుకు బాపూ. మస్కట్ పోయొచ్చినట్టు.”

“నాకు ఒంటె గుర్తుండదా? నన్ను అది కరిచింది ఒకసారి.”

(కరవలేదు. ఉమ్మింది.)

పులిబొమ్మ దుప్పట్లు ఇప్పటికీ అలాగే పేర్చి ఉన్నాయి. ఒకదాని మూలన కుట్టిన చీటీ బిడ్డతో చదివించాను. మన దేశంలోనే నేసిందట. ఇక్కడి నుంచి సముద్రం దాటిపోయిన దాన్ని మళ్లీ మోసుకొచ్చి చుట్టాలకు పంచడమేంటి? పక్క వరసలో పెనాలున్నాయి. పెనం కొంటే పిడి చూడాలి. రెండు చేతులతో పట్టి మెలితిప్పాను. పటుక్కున ఊడి వచ్చింది. దుకాణంవాడు కేక వేశాడు. కావలివాడు పరుగెత్తుకొచ్చి నా జబ్బ పట్టుకున్నాడు. నేను పిడితో వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చాను. బిడ్డ ఏడుపు ముఖంతో అరబ్బీలో బతిమాలుతోంది.

“ఇంటికి పోయినంక ఇరిగితె ఎవని మెడ పట్టుకోవాలె?” అన్నాను నేను. న్యాయమైన మాటే.

మా ఇంటిదాని పద్ధతి వేరు. చప్పుడు చేయదు. మూతకు నాలుగు వైపులా బిగించే స్టీలు టిఫిన్ డబ్బాలు చూసింది. ఒకదాన్ని నీళ్ల గది దగ్గరికి తీసుకుపోయి నిండా నీళ్లు పోసింది. కొక్కాలు నాలుగూ బిగించి, తలకిందులు చేసి, తన చీర మీదే ఆడించింది. చుక్క కారలేదు. అవి ఆరు తీసుకుంది. మా ఊరి దర్జీకి బరువైన కత్తెర, పొలాలకు తిరిగేవాళ్లకు గాలికి తిరగబడని గొడుగులు, ముసలివాళ్లకు పెద్ద గోరుకత్తెరలు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నలభై రోజుల్లో బుద్ధిగా సామాను కొన్నది ఆమె ఒక్కతే.

నేను మా తమ్ముడి వస్తువు కోసం వెతుకుతూ ఉన్నాను. ఊళ్లో ఎవరింట్లో యాటను, మేకనో గొర్రెనో, కోయాలన్నా వాడినే పిలుస్తారు. మెడ మీద ఒక్క వేటు, రెండోది ఉండదు. తరువాత మాంసం పోగులు పెడితే త్రాసు తెచ్చినా తేడా దొరకదు. మా బాపు లారీ కమాన్ పట్టాతో కొట్టించిన కత్తి వాడి దగ్గరే ఉంది. నూరీ నూరీ ఆ కత్తి సగమైంది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో యాటను మాత్రం పక్కూరివాడు కోస్తున్నాడు. రెండు మూడు వేట్లు వేస్తాడు. మేక అరుపు గోడ అవతలికి వినిపించేది. అవతల మా తమ్ముడు దగ్గేవాడు.

పాత బజారు సందులో కసాయి సామాన్ల దుకాణం దొరికింది. గడ్డం తెల్లబడిన బలూచీ మనిషి కూర్చున్నాడు. ఏం కోయాలి చాచా, మేకనా మనిషినా అని ఉర్దూలో అడిగాడు. ఇప్పటికైతే మేకనే అన్నాను. వాడు నవ్వి ఆరు కత్తులు పరిచాడు. చెక్కపని చేసినవాణ్ని, ఇనుము సంగతి నాకు తెలుసు. ఉక్కు పిడి చివరిదాకా పోయిందా లేదా చూశాను. మూడు రివిట్లు గోటితో గీకాను. అంచును ముంజేతి మీద నడిపిస్తే వెంట్రుకలు దూదిలా రాలాయి. అక్కడే పడి ఉన్న తొడ ఎముక మీద బలమంతా పెట్టి ఒక్కటి వేశాను. ఎముక రెండయింది, మూలుగ నా చొక్కా మీద పడింది. అంచు అద్దంలాగే ఉంది.

ఎర్ర మఖ్మల్ పరిచిన పెట్టెలో పెట్టించి బిడ్డ ఇంటికి తెచ్చాను. మా ఇంటిది మూత తీసి చూసి మంచం మీద కూలబడింది.

“అందరికి డబ్బలు, గొడుగులు. ఆయనకు కత్తా? గిన్నేండ్ల పగకు ఇదొక్కటే తక్కువైందా?”

“ఆడు యాటను కోసేటోడు. కత్తి కాకపోతె పూసలదండ ఇయ్యాల్నా?”

“ఇచ్చెటప్పుడు కింద పెట్టియ్యి, మర్చిపోకు.”

ఆ మాట ఆమె మస్కట్‌లో ఒకసారి, విమానంలో ఒకసారి, మంచిర్యాలలో రైలు దిగాక ఒకసారి అంది. మా దగ్గర కత్తి, ఉప్పు, మిరపకాయ చేతి నుంచి చేతికి ఇవ్వరు. ఇచ్చేవాడు కింద పెట్టాలి, పుచ్చుకునేవాడు కింది నుంచి తీసుకోవాలి. చేతికిస్తే ఇద్దరికీ కొట్లాట అవుతుందని భయం. ఇంట్లో అత్తాకోడళ్లు కూడా కూరగాయల కత్తిని బండ మీద పెట్టే ఇచ్చుకుంటారు. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. కానీ కింద పెట్టిన దాన్ని కుక్క కూడా తీసుకుంటుంది. నాకు కావాల్సింది అది కాదు.

క్షేమంగా వచ్చినందుకు మైసమ్మకు యాటను కోస్తామని మా ఇంటిది మొక్కుకుంది. తనే గోడ అవతలికి పోయి మా తమ్ముణ్ని పిలిచింది. ఏం చెప్పిందో తెలియదు. పొద్దున్నే వాడు వచ్చాడు. బాపు కత్తిని పాత గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని, వాకిట్లో నిలబడ్డాడు. గడప దగ్గరికి రాలేదు. మనిషి వంగిపోయాడు గాని మెడ వంగలేదు.

ముందు మిగతావాళ్ల పంపకం అయింది. దర్జీ కత్తెరను గాల్లో ఆడించి చప్పుడు విని, “గిది కదా కత్తెరంటె!” అన్నాడు. గొడుగులు వాకిట్లోనే విప్పారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. మెప్పంతా నేనే తీసుకున్నాను. ఇంటిదాని పేరు చెప్పలేదు.

తరువాత మఖ్మల్ పెట్టె తెచ్చాను. మూత తీయగానే ఎండ పడి కత్తి భగ్గుమంది. మా తమ్ముడి కళ్లు దాని మీద ఆగాయి. ఆ చూపు నేను చూశాను. పనివాడి చూపు. వాడికి నచ్చింది. ఇప్పుడు కూడా ప్రమాణం చేసి చెప్తాను, వాడికి నచ్చింది.

పెట్టెతో ఇస్తే సరిపోయేది. నేను కత్తిని బయటికి తీశాను.

“తీస్కో తమ్మీ.”

వాడి చేయి ముందుకు వచ్చింది. వచ్చి ఆగింది. వెనక్కి పోయింది.

“కింద పెట్టన్నా.”

ముప్ఫై ఎనిమిదేళ్ల తరువాత నన్ను అన్నా అన్నాడు. నేను ఆ మాట వినలేదు. వెనక్కి పోయిన చేయి ఒక్కటే కనిపించింది. మళ్లీ నలుగురి ముందు! మళ్లీ ఆ నీళ్ల చెంబు! నా చెవుల్లో నెత్తురు హోరుమంది.

“నా చెయ్యి మైలైందారా నీకు?”

ఎడమచేత్తో వాడి మణికట్టు పట్టి గుంజాను. కుడిచేత్తో కత్తిని వాడి అరచేతిలోకి కుక్కాను. అంచు ఎటుందో చూడలేదు. కింద పెట్టు, కింద పెట్టు అని మా ఇంటిది అరుస్తూనే ఉంది. ఏదైనా చేతిలో పడితే వేళ్లు ముడుచుకుంటాయి కదా, వాడివీ ముడుచుకున్నాయి. ఇక్కడ చాయ్ హోటల్లో ఎన్నడూ చెప్పని మాట ఒకటి చెప్పాలి. వాడు పట్టుకున్నాక నేను కత్తిని వెనక్కి గుంజాను. ఇవ్వాలని తెచ్చినదాన్ని, వాడు పట్టుకున్న క్షణంలో, కోపంతో గుంజాను. నేను గుంజడం వల్లే వేళ్లు తెగాయి.

మూడు కాదు, రెండు. నడిమి వేలు, ఉంగరపు వేలు. ఎగరలేదు. తెగి, ఎముక తెల్లగా కనిపించి, ఒక్క క్షణం పొడిగా ఉండి, తరువాత నెత్తురు పొంగింది. గోడ మీద చిమ్మింది నా ఎత్తుకు కాదు, మోకాలి ఎత్తుకు.

వాడు చేతిని చూసుకున్నాడు. ఎడమచేత్తో నా చెంప మీద కొట్టాడు. ఆ తరువాత వాణ్ని ఎత్తి మంచం మీదికి విసిరేశానని ఊళ్లో చెప్పుకున్నాను. కింద పడింది నేను. గొడుగుల మీద పడ్డాను. పుల్లలు వీపులో గుచ్చుకున్నాయి. వాడు నా రొమ్ము మీద కూర్చుని, తెగిన చేత్తోనే పిడికిలి బిగించి గుద్దాడు. గుద్దిన ప్రతిసారీ వాడి నెత్తురు నా కళ్లలో పడింది. నా తెల్ల చొక్కా చూసి జనం నన్నే పొడిచారనుకున్నారు. నేను మిగిలిన పళ్లతో వాడి భుజం కరిచాను. గుడ్డ చిరిగింది, చర్మం తెగింది. మేకపోతు బెదిరి పలుపు తెంపుకుని మా ఇద్దరి మీంచి దూకింది. గిట్ట తగిలి నా కనుబొమ పగిలింది. కావాలని మేమిద్దరం దెబ్బలు తింటుంటే, దేవికి మొక్కిన మేక ఒక్కటి క్షేమంగా పారిపోయింది.

మా ఇంటిది మేకను కడగడానికి పెట్టిన పసుపునీళ్ల బకెట్ మా మీద కుమ్మరించింది. ఖాళీ బకెట్‌తో వాడి వీపు మీద ఒకటి, నా నెత్తి మీద రెండు వేసింది.

“థూ! కాటికి కాళ్లు సాపిన దున్నపోతులార!”

చీర కొంగు చించి వాడి చేతికి చుట్టి, ఇద్దర్నీ ఒకే ఆటోలో కుక్కింది. చెన్నూరు ఆసుపత్రిలో నరం తెగిందని చూసి మంచిర్యాలకు పంపారు. దారంతా వాడి చేతిని పైకెత్తి పట్టుకొమ్మని నాకు చెప్పారు. వాడి నెత్తురు నా మోచేతి దాకా కారుతోంది. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా నా పట్టు జారుతోంది.

“జర గట్టిగ పట్టు,” అన్నాడు వాడు.

డాక్టరు కుట్లు వేస్తూ ఎలా తెగిందని అడిగాడు. కొట్లాటయితే పోలీసులకు చెప్పాల్సి వస్తుందన్నాడు.

“ఉల్లిగడ్డ కోస్తుంటె తెగింది సార్,” అన్నాడు మా తమ్ముడు.

డాక్టరు తలెత్తి, మూసుకుపోయిన నా కన్నును, పగిలిన కనుబొమను చూశాడు. “మరి ఈయనకు?”

“ఆయన గూడ ఉల్లిగడ్డలే కోసిండు.”

నడిమి వేలు వంగుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. వంగకపోతే వాడు మళ్లీ కత్తి పట్టలేడు. పత్తి ఏరలేడు. కట్టుతో నెలా పదిహేను రోజులు గడిచాయి. పిలుపు వచ్చినప్పుడల్లా వాడు చేతిని కండువా కింద దాచుకుని రానని చెప్పి పంపేవాడు. ఊళ్లోవాళ్లు రెండు వేట్ల పక్కూరివాణ్ని పిలిచేవారు. నేను రోజూ గోడ తిరిగి వాడింటికి పోయి కూర్చునేవాణ్ని. నన్ను పొమ్మనలేదు, కూర్చోమని కూడా అనలేదు. మఖ్మల్ పెట్టె మా అటక మీద ఉంది.

కట్టు విప్పాక వేలు కర్రలా నిలబడింది. రోజూ ఏదో ఒకటి పట్టుకుని విడవాలి, లేకపోతే అలాగే బిగుసుకుపోతుందన్నారు. మా ఇంటిది టిఫిన్ డబ్బా ఒకటి తీసుకుపోయి వాడి ముందు పెట్టింది. చేతికివ్వలేదు, కింద పెట్టింది.

“ఇగో, నాలుగు కొక్కాలు. పొద్దున నూరు సార్లు, మాపున నూరు సార్లు. తియ్యి, పెట్టు.”

మొదటిరోజు ఒక్క కొక్కెం తీయడానికి వాడి నుదుటి నుంచి చెమట కారింది. బూతులు తిట్టాడు. డబ్బాను గోడకేసి కొట్టాడు. దానికి సొట్ట పడింది గాని మూత ఊడలేదు. మా ఇంటిది దాన్ని తెచ్చి మళ్లీ ముందు పెట్టింది. గోడ ఇవతల మంచంలో పడుకుని నేను ఆ టక్కు టక్కు చప్పుడు లెక్కపెట్టేవాణ్ని. ఒకరోజు పొద్దున ఆ చప్పుడు ఆగకుండా వినిపించింది.

ఆ వారమే వాడు బాపు కత్తి చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆనాడు పారిపోయి పొద్దుగూకేసరికి ఇల్లు చేరిన మేకపోతు ఈ రెండు నెలల్లో బాగా బలిసింది. బాపు కత్తే ఎత్తాడు. ఒక్క వేటు. తల ఒకవైపు, మొండెం ఒకవైపు. రెండోది అక్కర్లేదు. నెత్తురు నేలలోకి ఇంకుతుంటే వాడు వేళ్లను ముడిచి తెరిచి చూసుకున్నాడు. తరువాత మాంసం కొట్టడానికి కూర్చుని నా వైపు చూశాడు.

నేను అటక మీది నుంచి మస్కట్ కత్తి తెచ్చాను. వంగి, పిడి వాడి వైపు ఉండేలా మొద్దు పక్కన నేల మీద పెట్టాను. చేయి తీసేశాను. వాడు తీసుకున్నాడు. గోటితో అంచు చూశాడు.

“మెడకు పనికిరాదిది. పల్చగున్నది. కండకు మంచిగుంటది.” పోగులన్నీ దానితోనే పెట్టాడు. పోయేటప్పుడు దాన్ని గుడ్డలో చుట్టుకుని తీసుకుపోయాడు.

ఇదంతా రాసి నిన్న పొద్దున మా వాకిట్లో కూర్చుని వాళ్లిద్దరికీ చదివి వినిపించాను. మా ఇంటిది చేటలో కందిపప్పు ఏరుతోంది. మా తమ్ముడు మూడు వేళ్లు ఎగిరిన దగ్గర నవ్వాడు. నేను కత్తి గుంజానని చదివినప్పుడు తలూపాడు. చివరిదాకా విని, మళ్లీ మొదటికి పొమ్మన్నాడు.

“సబ్బు కాడికి పో. గది తప్పు రాసినవ్.”

“ఏం తప్పు? సబ్బే కదా ఇచ్చిన.”

“ఇగ ఊకోరాదు,” అంది మా ఇంటిది, చేట మీంచి తలెత్తకుండా.

“ఎందుకూకుంట వదినె? రాసేదేదో సక్కగ రాయమను.” వాడు నా వైపు తిరిగాడు. “పెట్టె మొత్తం అయిపోయింది. నా పేరు మీద అండ్ల ఏం లేదు. అందరు నా ఒళ్లెకే చూస్తున్నరు. వదినె లోపటికి పోయి తన సబ్బు తెచ్చి నా ఒళ్లె ఏసింది. నువ్వు సబ్బు గూడ ఇయ్యలే.”